తెల్లమందు

ఫిబ్రవరి 4

అక్కయ్యకు,

నీ పిచ్చుక రాస్తున్నది. ఆయన్ని ఇంటికి తెచ్చేసుకున్నాను.

డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నారు. నడుము కింద కదలిక రాదట. లోపలి జబ్బూ ఆగేది కాదట. ఎన్నాళ్ళని అడిగితే పెద్ద డాక్టరు కిటికీ వైపు చూశాడు. ఆ చూసేదేదో మా ఇంటి కిటికీలోంచే చూద్దామని తెచ్చేశాను. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి కదా, మూడో అంతస్తుకు స్ట్రెచర్ మోస్తున్నవాళ్ళతో, "బాబూ, నలుగురికి మించి ఎక్కరాదని రాసి ఉంటుంది, చూసుకున్నారా" అంటారు. వాళ్ళు నవ్వలేక, మొయ్యలేక మెట్ల మధ్యలో ఆగిపోయారు.

వారానికి రెండుసార్లు ఇంటికి నర్సమ్మ వస్తుంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. పక్క ఎప్పుడూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఒంటి మీద పుండు లేచినా, దుప్పటి మురికిగా కనిపించినా మళ్ళీ వార్డుకే. ఆయనకు వార్డంటే ఎంత భయమో నీకు తెలుసు. "ఎక్కడైనా పోతాను గానీ అక్కడ మాత్రం పోనివ్వకు" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. వేశాను.

అందుకని బట్టలుతికే మిషన్ ఒకటి తెచ్చాను. పైనుంచి బట్టలు వేసే రకం. ఇంకెక్కడా పట్టక స్నానాలగదిలో పెట్టాను. రోజుకు నాలుగు దుప్పట్లు, ఆరు గుడ్డలు. మురికి పోవాలని సబ్బుపొడి గుప్పిళ్ళతో వేస్తే నిన్న నురగ పొంగి గడప దాటి వంటింట్లోకి నడిచొచ్చింది. చివర్లో సెంటునీళ్ళు కూడా పోస్తున్నాను. ఇల్లు పూలకొట్టులా ఉంది. ఆయన వీపు మాత్రం ఎర్రగా దద్దుర్లు.

నువ్వు ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రి బట్టలు ఉతుకుతున్నదానివి. ఏం చెయ్యాలో చెప్పు. తంతి కొట్టినట్టు రెండు ముక్కలు రాయకు. ఫోన్ చేద్దామంటే ఆ మిషన్ల హోరులో నీ చెవులు పోయె. నేను "దద్దుర్లు" అంటే నువ్వు "పెద్ద ఊర్లా, ఏ ఊరు" అంటావు. ఫోన్లో అక్షరాలు చదవడం నేర్చుకోమంటే ప్రార్థన పుస్తకం తెరుస్తావు. కాబట్టి పది పదకొండు రోజులు నీ ఉత్తరం కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాను.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 15

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

దద్దుర్లు జబ్బు వల్ల కాదు, సబ్బు వల్ల. పొడి ఎక్కువైతే నీళ్ళు దాన్ని కడగలేవు. బట్టలోనే ఉండిపోతుంది. మరిదిగారు పగలూ రాత్రీ ఆ సబ్బు మీద పడుకుంటున్నారు.

పొడి డబ్బాలో కొలగిన్నె ఉంటుంది. దానితో సగం వెయ్యి. గుప్పిళ్ళు వద్దు. సెంటునీళ్ళు మానెయ్యి. అవి బట్టకు జిడ్డు పూత పూస్తాయి, ఇక ఆ బట్ట తడి పీల్చదు. ఒక జాడింపు ఎక్కువ పెట్టు. దుప్పట్లు కుక్కకు, పైన నీ చెయ్యి దూరేంత చోటుండాలి. ఉతికాక మిషన్ మూత తెరిచి ఉంచు.

నేను రానా? సెలవు అడుగుతాను. ఉతకడానికి ఇంకో జత చేతులు.

ప్రార్థనలో మీ ఇద్దరినీ తలుచుకుంటున్నాను.

పెద్దక్క


మార్చి 1

అక్కయ్యకు,

ఈసారి తంతి కాదు, అర్ధ తంతి. అయినా నీ నోటి మాటలో ఏదో ఉంది తల్లీ. వారం తిరిగేసరికి వీపు మామూలైపోయింది. ఆయన సంతోషం చూడాలి. మిషన్‌కి పేరు కూడా పెట్టారు. ఏం పేరో చెప్పనా? వదినగారు. "మాట్లాడదు, తన పని తను చేసుకుపోతుంది, మధ్యలో ఆపితే మాత్రం ఊరుకోదు. అచ్చం మీ అక్కే" అంటారు. మంచం మీంచే దాని చప్పుడు వింటారు. "వదినగారు నీళ్ళు తాగుతున్నారు", "వదినగారికి బరువు ఒకవైపు అయింది, వెళ్ళి సర్దు" అని పురమాయిస్తారు. లిఫ్టు గొయ్యిలోకి దిగి మోటారు చప్పుడు విన్న చెవులు, ఇప్పుడు స్నానాలగది చప్పుడు వింటున్నాయి.

నువ్వు రావద్దు. కోపం తెచ్చుకోకు. నువ్వు అంత దూరం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే, తన పని అంతవరకూ వచ్చిందా అనుకుంటారు. నీ చేతులు ఉత్తరంలో పంపితే చాలు.

ఇప్పుడు కొత్త తగువు. మరకలు. మందులవీ, ఒంటివీ. పచ్చటి వలయాలు, ఒకదాని మీద ఒకటి. దుప్పటి అంచుల్లో నల్లటి చుక్కలు కూడా లేస్తున్నాయి. మొన్న నర్సమ్మ దుప్పటి కొస పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. పరీక్ష పేపర్లు దిద్దే టీచరమ్మలా ఉంది ఆవిడ మొహం. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం వెయ్యమంటావు?

నీ పిచ్చుక


మార్చి 12

పిచ్చుకకు,

రావద్దన్నావు. సరే.

మరకలకు తెల్లమందు వెయ్యి. అమ్మ హాస్టలు దుప్పట్లు ఉతికే రోజుల్లో వాడిందే. ఆ సీసా గుర్తుందిగా, గోధుమరంగుది, మెడకు తెల్లగుడ్డ కట్టి ఉండేది.

డ్రమ్ములోకి నీళ్ళు పూర్తిగా నిండాక ఒక్క మూత పొయ్యి. బట్టల మీద నేరుగా పోయకు. చేతులకు రబ్బరు గ్లవ్స్ వేసుకో. గది కిటికీ తెరిచి ఉంచు. తర్వాత రెండుసార్లు జాడించు.

మరిదిగారు నా గురించి అన్నది నిజమే. చెప్పు ఆయనకు.

పెద్దక్క


మార్చి 26

అక్కయ్యకు,

అమ్మ సీసా గుర్తు లేకపోవడమేమిటి. చదువు రాని మనిషి, ఏ సీసా ఏదో పోల్చుకోవడానికి గుడ్డపీలికలు కట్టుకునేది. నీలిగుడ్డ నీలిమందుకి, తెల్లగుడ్డ తెల్లమందుకి. నేను స్కూలు నుంచి వచ్చేసరికి పెరట్లో ఆ రెండు సీసాలూ పక్కపక్కన కూర్చుని, కాపురం చేస్తున్నట్టు ఉండేవి.

వేస్తున్నాను. బట్టలు భలే మెత్తగా వస్తున్నాయి. ఆయన "వదినగారు కరుణించారు" అంటున్నారు. మరకలు మాత్రం అంగుళం కదల్లేదు. మూత చాలదేమో?

అన్నట్టు, తెల్లమందుకు గ్లవ్స్ ఏమిటక్కయ్యా. కిటికీ ఏమిటి. అమ్మ ఒట్టి చేతులతోనే పోసేది కదా. నువ్వు ఆసుపత్రి మనిషివైపోయావు, నీళ్ళు తాగడానికి కూడా గ్లవ్స్ వేసుకుంటావు కాబోలు. ఈ కొండ ఊళ్ళో చలి ఇంకా విరగలేదు. స్నానాలగది కిటికీ తెరిస్తే గాలి నేరుగా ఆయన మంచం మీదికే కొడుతుంది. ఉన్న జబ్బులకు తోడు జలుబెందుకని మూసే ఉంచుతున్నాను.

నర్సమ్మ ఈసారి దుప్పటి ఎత్తడమే కాదు, వాసన కూడా చూసింది. "ఎవరు చెప్పారు మీకు ఇలా ఉతకమని" అంది. మా అక్క, పెద్ద ఆసుపత్రిలో ఉతుకుడు గదికి పెద్ద అని గొప్పగా చెప్పాను. పుస్తకం సంచిలో పెట్టేసుకుంది.

ఆయన తిండి తగ్గింది. నాలుగు చెంచాల జావ, ఐదో చెంచాకి తల తిప్పేస్తున్నారు. ఆ మాట ఇక్కడే వదిలేస్తున్నాను.

నీ పిచ్చుక


ఏప్రిల్ 6

పిచ్చుకకు,

అమ్మ ఒట్టి చేతులతో పోసింది నిజమే. ఆ చేతులు ఎలా పగిలాయో నువ్వు చూశావు. గ్లవ్స్ వేసుకో. కిటికీ తెరువు. మరిదిగారి గది తలుపు మూస్తే గాలి తగలదు.

మెత్తగా వస్తున్నాయన్నావు. మంచిదే.

మరక కదలకపోతే రెండు మూతలు వెయ్యి. నీళ్ళు నిండాక మిషన్ ఆపి, గంటసేపు నాననివ్వు. తర్వాత ఉతుకు. అంతకు మించి వద్దు.

నాలుగు చెంచాలు దిగితే దేవుడికి నాలుగుసార్లు దండం పెట్టుకో. నేను ఇక్కడ అదే చేస్తున్నాను.

పెద్దక్క


ఏప్రిల్ 19

అక్కయ్యకు,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. అయినా రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఆడవు.

తోకఎముక దగ్గర పుండు లేచింది. గుండీ అంత. నర్సమ్మ చూసింది. దుప్పట్ల మరకల్లోంచే వచ్చిందని ఆవిడ అనుమానం. ఈ ఇరవై నాలుగున పైడాక్టరు ఇంటికి వచ్చి చూస్తాడట. అతను సరే అంటే ఇక్కడే, కాదంటే ఆ రోజే బండి వస్తుంది. ఆవిడ చెడ్డది కాదు. వెళుతూ వెళుతూ సంచిలోంచి ఒక సీసా తీసి ఇచ్చింది. "ఇది వెయ్యండి, పురుగంతా చస్తుంది, దుప్పటి కాగితంలా వస్తుంది" అంది. ఎంత వెయ్యాలో చెప్పేలోపు కింద బండివాడు హారన్ కొట్టాడు.

నువ్వు చెప్పిన తెల్లమందు మానను. దానితోపాటు ఇది కూడా వేస్తాను. రెండు మూతలకే లొంగనిది, సగం సీసాకైనా లొంగదా. ఇల్లంతటిలో ఉన్న ప్రతి దుప్పటీ ఇరవై రెండున నానబెడుతున్నాను, నువ్వు చెప్పినట్టే గంట. మధ్యలో నేనే చేత్తో కలియబెడతాను. ఆ మిషన్‌కి నా ఆత్రం ఏం తెలుసు.

ఆయన ఇవాళ నవ్వలేదు. "పైడాక్టరు పై అంతస్తువాడా" అని మాత్రం అడిగారు. జోకో, నిజంగా అడిగారో తెలియలేదు.

ప్రార్థించక్కయ్యా. నీ పక్కన దేవుడు కాస్త ఎక్కువ సేపు కూర్చుంటాడని నా నమ్మకం.

నీ పిచ్చుక


ఏప్రిల్ 30

పిచ్చుకకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఇరవై రెండు దాటిపోయింది.

నర్సమ్మ ఇచ్చిన సీసా మీద ఏం రాసి ఉందో నాకు రాయి. తెల్లమందుతో ఏదీ కలపకూడదు. ఏదీ. కొన్నింటితో కలిస్తే విషవాయువు వస్తుంది. నాననిచ్చేటప్పుడు మిషన్ మీదికి వంగకూడదు. ఈ మాటలు మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. ఇక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటాయి. రోజూ చూసి చూసి, అందరికీ తెలుసనుకున్నాను.

ఇస్త్రీ గదిలో పనిచేసే అమ్మాయి చేత మీ ఇంటికి ఫోన్ చేయించాను. ఆరుసార్లు. ఎవరూ ఎత్తలేదు. బయటికి వెళ్ళి ఉంటారు, అంది ఆ అమ్మాయి. నీకు బయటికి వెళ్ళే తీరికెక్కడిది.

కొన్ని చీటీలు రాసి పంపుతున్నాను. సీసాలకు అంటించు. "ఒంటరిగా మాత్రమే" అని రాశాను.

అందగానే ఒక్క ముక్క రాయి.

పెద్దక్క


మే 17

అక్కా,

ఆసుపత్రిలో ఉన్నాను. మొదటి అంతస్తు. ఆయన నాలుగో అంతస్తు.

పక్క వాటా టైలరమ్మ తలుపు పగలగొట్టించింది. మిషన్ పక్కన పడి ఉన్నానట. ఆయన మంచం మీంచి కేకలు పెట్టారట. "వదినగారు చప్పుడు చెయ్యట్లేదు, మా ఆవిడ చప్పుడూ లేదు" అని. కదలలేని మనిషి. గొంతు పోయేదాకా అరిచారు. పొగ ఆయన గదికి అంతగా చేరలేదు. తలుపు మూశాను కదా. నువ్వు చెప్పావని.

ఆ రోజే ఆయన్నీ బండిలో తెచ్చేశారు. చూసుకునేవాళ్ళు లేరని. ఇరవై నాలుగు దాకా ఆగనే లేదు.

నా ఊపిరితిత్తులు కాలాయన్నారు. పది మాటలు రాస్తే ఆగాలి. ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. అది తిరిగి రాకపోవచ్చట.

నర్సమ్మ వచ్చి ఏడ్చింది. తనిచ్చింది బ్లీచట. దానితో ఏం కలిపారని అడిగింది. మా అక్క చెప్పిన తెల్లమందు అన్నాను. సీసా తెప్పించి చూసి, ఇది వెనిగర్ కదండీ అంది.

వెనిగర్ ఎప్పట్నుంచి విషమైందక్కా. అమ్మ రోజూ పోసేది.

నీ చీటీలు టైలరమ్మ తెచ్చిచ్చింది. దిండు కింద ఉన్నాయి.


మే 28

నా పిచ్చుకకు,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. ఒక్కసారే చదవకు. ఊపిరి చూసుకుని చదువు.

నేను చెప్పింది వెనిగర్ కాదు. నేను చెప్పింది బ్లీచ్. నాకు తెల్లమందంటే బట్టను తెల్లగా చేసే మందు. అమ్మ తెల్లగుడ్డ సీసాలో ఉన్నది అదే. నేను పక్కన నిలబడి పోయించిన దాన్ని. కళ్ళు మండేవి. అమ్మ మొహం పక్కకు తిప్పుకుని పోసేది. నీకప్పుడు రెండేళ్ళు. మన మధ్య పుట్టిన ఇద్దరూ నిలవలేదు, అందుకే నీకూ నాకూ అంత ఎడం. నీకు ఐదేళ్ళు రాకముందే నేను వేరే పనికని ఊరు వదిలాను, ఈ ఆసుపత్రి ఆ తర్వాత ఎప్పటికో.

నీ ఉత్తరం చదివాక హాస్టలు వంటమనిషి చెల్లెలు ఇక్కడే ఉంటే వెళ్ళి అడిగాను. ఎనభై ఏళ్ళావిడ. ఆవిడకు గుర్తుంది. నేను వెళ్ళిన ఏడాదే అమ్మకు దగ్గు పట్టుకుందట. ఆ మందు వాసన పడక, దాన్ని పారబోసి, అదే సీసాలో వంటింటి వెనిగర్ పోసుకుందట. గుడ్డ విప్పలేదు. పేరూ మార్చలేదు. ఎవరికి చెబుతుంది, ఆ పెరట్లో ఉన్నది నువ్వూ తనూ. ఉత్తరాల్లో నాకు దగ్గు సంగతి కూడా రాయించలేదు.

అమ్మ దగ్గుతో పోయిందని తెలుసు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఒకే సీసా. ఒకే గుడ్డ. నాకు ఒకటి, నీకు ఒకటి. నువ్వు తప్పు చేయలేదు. నీ చిన్నప్పటి మాటను నువ్వు నమ్మావు.

తప్పు నాది. అది ఎక్కడుందో కూడా చెబుతాను. బట్టలు మెత్తగా వస్తున్నాయని రాశావు. బ్లీచ్ బట్టను మెత్తబరచదు. పెళుసు చేస్తుంది. ఇరవై ఆరేళ్ళ పని నాది. ఆ మాట దగ్గర ఆగాను. కలం ఎత్తి, ఇదేమిటని అడుగుదామనుకున్నాను. ఎందుకులే, సంతోషంగా ఉంది, అనుకున్నాను. "మంచిదే" అని రాశాను. ఒక్క మాట ఎక్కువ రాసి ఉంటే నువ్వు వెనిగర్ అనేదానివి. నేను ఆపేదాన్ని. తక్కువ మాట్లాడటం మంచి గుణమని అందరూ అంటే నమ్మాను.

సెలవు దొరికింది. జూన్ ఇరవై ఐదున బయలుదేరుతాను. వద్దన్నా వస్తాను. మరిదిగారి పక్కన నేను కూర్చుంటాను. నిన్ను చక్రాల కుర్చీలో ఆయన దగ్గరికి తీసుకెళతాను. అంతవరకూ ఆయన్ని ఉండమని చెప్పు. నేను చెప్పానని చెప్పు. వదినగారు చెప్పిందంటే వింటారు.

మీ పెద్దక్క


జూన్ 9

అక్కా,

ఆయన పోయారు. ఈ నెల రెండున. పొద్దున పదింటికి.

తొమ్మిదింటికే కబురు వచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు దాకా తీసుకెళ్ళారు. లిఫ్టు పనిచేయడం లేదు. మనిషి వస్తున్నాడన్నారు. మూడు అంతస్తులు. నేను ఐదు మెట్లెక్కాను. ఆరో మెట్టు మీద కూర్చుండిపోయాను. మోసుకెళ్ళే మనుషుల కోసం వెళ్ళిన నర్సు తిరిగొచ్చేసరికి పైనుంచి ఇంకో నర్సు దిగి వస్తోంది. ఆవిడ నడక చూసి తెలిసిపోయింది.

లిఫ్టు బాగుచేసేవాడు పదకొండింటికి వచ్చాడు. సంచి భుజాన వేసుకుని, ఈలవేస్తూ. మంచివాడే. నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

వేసిన ఒట్టు అలా అయింది.

నీ ఉత్తరం చదివాను. రెండు రోజులు పట్టింది. నిన్నేమీ అననక్కా. అమ్మనూ అనను. అనడానికి ఊపిరి కావాలి. కానీ రావద్దు. నువ్వు ఎదురుగా కూర్చుంటే నేను ఆ సీసా గురించే ఆలోచిస్తాను. నువ్వూ అంతే. ఇద్దరం ఒక గదిలో దాన్ని పెట్టుకుని కూర్చోలేం.

ఒక్క పని చేసిపెట్టు. ఆయన చొక్కా పంపుతున్నాను. ఇంటి నుంచి వచ్చిన రోజు ఒంటి మీద ఉన్నది. వార్డువాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చారు. రోజూ మొహానికి పెట్టుకుంటున్నాను. ఏమీ తెలియడం లేదు. నా ముక్కు పోయిందో, ఆయన వాసనే పోయిందో అర్థం కావడం లేదు. నువ్వు చూసి చెప్పు. గ్రీజు, ఆయన తలనూనె, కొంచెం చెమట. ఉంటే ఉందని రాయి. దాచి పెట్టుకుంటాను. నాకు తెలియకపోయినా ఉందని తెలిస్తే చాలు.


జూన్ 24

నా పిచ్చుకకు,

పొట్లం నిన్న అందింది. సంచి సర్దుకుని ఉన్నాను. నీ ఉత్తరం చదివి, సర్దిన బట్టలు మళ్ళీ అలమరలో పెట్టాను. రాను. పిలిస్తే వస్తాను. పిలవకపోతే, పిలవలేదని ఇంకోలా అనుకోను.

చొక్కా సంగతి. నీ దగ్గర ఇక ఏదీ సగం చెప్పను.

పని అయ్యాక, సబ్బు తగలని వేళ చూసి, పొట్లం విప్పాను. నా ముక్కుకు ఇరవై ఆరేళ్ళుగా ఆ గదే అలవాటు కాబట్టి, నన్ను నేను నమ్మలేదు. ఇస్త్రీ గది అమ్మాయిని కూడా పిలిచాను. కొత్తగా చేరింది, ముక్కు బాగా పనిచేస్తుంది. ఎవరిదో, ఎందుకో చెప్పలేదు. ఏం వాసన వస్తోందో మాత్రం చెప్పమన్నాను. నేనూ చూశాను. కాలరు లోపలి మడత, చంక కుట్లు, జేబు అడుగు. ఏదైనా మిగిలితే అక్కడే మిగులుతుంది.

"శుభ్రంగా ఉందమ్మా" అంది ఆ అమ్మాయి.

నీ ముక్కు వల్ల కాదు, పిచ్చుకా. అది ఉతికిన చొక్కా. వేడినీళ్ళలో, బ్లీచ్ వేసి, రెండుసార్లు జాడించి ఉతికారు. దారం చూస్తే తెలుస్తుంది. పని తెలిసినవాళ్ళు ఉతికారు. ఆయన వాసన లేదు.

ఇది నీకు రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఉందని రాద్దామనుకుని రెండు కాగితాలు మొదలుపెట్టాను. చించేశాను. మళ్ళీ "మంచిదే" అన్నట్టే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇక్కడ పోయినవాళ్ళ బట్టలు ఇంటివాళ్ళకు ఇచ్చే ముందు మా గదికే వస్తాయి. ఇన్నేళ్ళూ నేనే ఉతికాను. వేడినీళ్ళు, బ్లీచ్, రెండు జాడింపులు. మడిచి, పైన పేరు చీటీ పెట్టి పంపాను. ఎన్ని వందలో తెలియదు. ఒక్క మరక లేకుండా పంపుతున్నానని, అది వాళ్ళకు చేసే ఆఖరి మర్యాద అని, ఆ పని చేసేటప్పుడు లోపల ప్రార్థన కూడా చెప్పుకునేదాన్ని. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి ఆ బట్టలను మొహానికి పెట్టుకుని ఉంటారని ఒక్కరోజూ తోచలేదు.

నిన్న ఒక ముసలాయన స్వెట్టరు వచ్చింది. మోచేతుల దగ్గర అతుకులు. చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అంటురోగాల వార్డుది, ఉతకకుండా ఇవ్వడానికి లేదు. ఉతికాను.

ప్రార్థన మానలేదు. అడగడం మానేశాను. ఊరికే కూర్చుంటున్నాను.

నీకిప్పుడు మిషన్ వద్దు. నీ రెండు చీరలు టైలరమ్మ చేత మామూలు నీళ్ళలో పిండించుకో. సబ్బు కూడా అక్కర్లేదు. ఆ గదిలోకి నువ్వు వెళ్ళకు.

చొక్కా తిప్పి పంపుతున్నాను. రెండో గుండీ నల్లదారంతో కుట్టి ఉంది, మిగతావి తెల్లదారంతో. అది నీ కుట్టే అయి ఉంటుంది. మడత నువ్వు పెట్టినట్టే ఉంచాను.

నేను ఉతకలేదు.

అక్క